చెమట పట్టని టాంకీ

నాకు ముక్కు మీద కోపం. మా ఇంట్లో ఇప్పటికీ అదే మాట అంటారు, నేనూ కాదనను. కానీ పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, ఒక షెడ్డు గేటు ముందు నిలబడి "దొంగ!" అని గొంతు చించుకుని అరిచింది మాత్రం జీవితంలో ఒక్కసారే. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. ఆ అరుపు దేని గురించో చెబితే మా పిల్లలు నమ్మరు. ఒక ఇంగ్లీషు వాక్యం గురించి అరిచాను. నాలుగే నాలుగు మాటల వాక్యం.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. డిగ్రీ అయిపోయి, సంగారెడ్డిలో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి, పటాన్‌చెరు బస్టాండు దగ్గర మా మేనత్త నడిపే జిరాక్స్ షాపులో కూర్చునేదాన్ని. ముందు జిరాక్స్ మిషను, వెనక ప్లైవుడ్ అడ్డం పెట్టి రెండు కంప్యూటర్లు. పెళ్ళి పత్రికలు, బయోడేటాలు, టెండరు ఫారాలు అన్నీ నా చేతి మీదుగానే పోయేవి. షాపు ముందు రాత్రింబవళ్ళు లారీలు. గాలి మళ్ళిందంటే మందుల కంపెనీల వాసన లోపలికి వచ్చేది, మేం దాన్ని వాసన అనుకోవడం కూడా ఎప్పుడో మానేశాం.

అప్పుడే వచ్చింది వెబ్‌సైట్ల పిచ్చి. మా చుట్టుపక్కల కంపెనీలకు వాల్వులు చేసేవాళ్ళు, గాస్కెట్లు కోసేవాళ్ళు, అట్టపెట్టెలు అతికేవాళ్ళు, డ్రమ్ములు కడిగి అమ్మేవాళ్ళు గల్లీకి పది మంది ఉండేవాళ్ళు. అప్పటిదాకా విజిటింగ్ కార్డు ఉంటే సరిపోయేది. ఉన్నట్టుండి పెద్ద కంపెనీల పర్చేజ్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు "మీకు వెబ్‌సైట్ ఉందా?" అని అడగడం మొదలుపెట్టారు. లేదంటే ముఖం అదోలా పెట్టేవాళ్ళట. ఇంకేముంది, రబ్బరు స్టాంపు అడిగినట్టే వచ్చి అడిగేవాళ్ళు. "జెర ఒక వెబ్‌సైట్ జల్దీ కొట్టియ్యమ్మా, పొద్దుమీకి వచ్చి తీస్కపోత."

నాకు వెబ్‌సైట్ చేయడం రాదు. రాదని ఎవరికీ చెప్పలేదు. ఒక పాత పుస్తకం ముందేసుకుని, ఎవరెవరివో పేజీలు తెరిచి, వాటి వెనకాల రాత ఎలా ఉందో చూసి రెండు వారాల్లో పట్టేశాను. తెర మీద అక్షరాలు కుడి నుంచి ఎడమకు పరుగెత్తించడం వచ్చిన రోజు కుర్చీలోంచి లేచి గెంతాను. మా అత్త ముందు నుంచి పరుగెత్తుకొచ్చి, "ఏమైందే, కరెంట్ గిట్ల కొట్టిందా?" అంది. అక్షరాలు చూపించాను. కాసేపు చూసి, "గవ్వి ఎటు పోతున్నయే?" అని అడిగింది. ఎటు పోతే ఏం, నాకు సంతోషం పట్టరానంత ఉంది.

నా చేత వెబ్‌సైట్ చేయించుకున్న మొదటి మనిషి టాంకులు చేసే పెద్దాయన. వాళ్ళది జోగిపేట దగ్గర ఊరు. ఇంటి పని కమ్మరం. నాగలి కర్రులు, కొడవళ్ళు చేసుకునే ఇల్లు. కంపెనీలు లేస్తున్న రోజుల్లో వెల్డర్ కింద పనికి వచ్చి, కాంట్రాక్టు మీద కంపెనీ కంపెనీ తిరిగి, చివరికి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్నాడు. తనతో కలిపి ఆరుగురు. నీళ్ళ టాంకులు, డీజిల్ టాంకులు చేసేవాళ్ళు. వెల్డింగ్ వెలుగు చూసి చూసి ఆయన కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, చొక్కా నిండా నిప్పురవ్వల చిల్లులు. నేను ఆయన్ని కాకా అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు.

కాక మనసంతా ఒక్కదాని మీదే ఉండేది. ఊరి బయట ఒక పెద్ద మందుల కంపెనీ ఉంది. అక్కడ ఆయన ఏళ్ళ తరబడి కాంట్రాక్టు వెల్డర్‌గా పనిచేశాడు. వెనక గేటు నుంచి పోవడం, వెనక గేటు నుంచి రావడం. ఆ కంపెనీకి తన షెడ్డు పేరు మీద ఒక స్టీలు టాంకు చేసివ్వాలి, అంతే. వాళ్ళ సప్లయర్ల లిస్టులో ఒకసారి పేరు ఎక్కితే షెడ్డు నిలబడుతుంది. లేకపోతే నీళ్ళ టాంకుల మీద ఆరుగురు ఎన్నాళ్ళు బతుకుతారు? వాళ్ళ దరఖాస్తు ఫారంలో వెబ్‌సైట్ అని ఒక గడి ఉంది. ఆ గడి నింపడానికి నా దగ్గరికి వచ్చాడు.

ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, టాంకు ఎలా చేస్తారో మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. షీటు ఎలా చూసి కొనాలి, అతికే ముందు నిలబెట్టడానికి ఎక్కడ టాకా వేయాలి, ఎండలో ఎందుకు వెల్డింగ్ చేయొద్దు. నేను ఊఁ కొడుతూ కీబోర్డు మీద దుమ్ము తుడుస్తున్నాను. ఒకచోట మాత్రం ఆయన వేలు ఎత్తి, "గీ ముక్క తప్పకుంట రాయ్ బిడ్డా. మా టాంకీకి చెమట పట్టది. పానం పోయినా పట్టది," అన్నాడు. సరే అని ఒక చిత్తు కాగితం మీద రాసుకున్నాను. టాంకుకు చెమట ఏమిటో నాకు అర్థం కాలేదు. పెద్దవాళ్ళు ఏదో ఒకటి అంటుంటారు కదా అనుకున్నాను. "చాలు కాకా, కడమది నేను సూస్కుంట," అని పంపించేశాను.

ఆ కడమది, అంటే మిగతాదంతా, ఎలా చూసుకున్నానో ఇప్పుడు చెప్పేస్తాను. గుజరాత్ వైపు ఒక పెద్ద టాంకుల కంపెనీ పేజీ దొరికింది. ఎంత బాగుందో! ప్రపంచ స్థాయి నాణ్యత, రెండు వందల మంది నిపుణుల బృందం, కస్టమర్ డిలైట్. డిలైట్ అంటే ఏమిటో డిక్షనరీలో చూసుకోవాల్సి వచ్చింది. మొత్తం ఎత్తి మా పేజీలో పోశాను. వాళ్ళ పేరున్న చోటల్లా కాక షెడ్డు పేరు వచ్చేట్టు ఒక్క నొక్కు నొక్కాను. చివర్లో చిత్తు కాగితం గుర్తొచ్చి, కాక చెప్పిన ముక్కను మాటకు మాట ఇంగ్లీషులోకి తిప్పి కింద చేర్చాను. 'అవర్ ట్యాంక్స్ నెవర్ స్వెట్.' మధ్యాహ్నం అన్నం తినే లోపు వెబ్‌సైట్ తయారు.

పేజీ చూడటానికి షెడ్డు మొత్తం వచ్చింది. ఆరుగురూ ఆ ప్లైవుడ్ గదిలో ఒకరి భుజం మీద ఒకరు పడి నిలబడ్డారు. అప్పటి ఇంటర్నెట్ ఫోన్ లైను మీద వచ్చేది, కీచుమని అరిచి, గురగురమని, తర్వాత గానీ కలిసేది కాదు. ఫొటో పైనుంచి కిందికి ఒక్కో గీత చొప్పున దిగేది. ముందు ఆకాశం వచ్చింది. తర్వాత టాంకు అంచు. "వచ్చింది, వచ్చింది!" అని ఒకాయన అరిచాడు. తర్వాత మూత. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. "నా టాంకీ సగమే వచ్చె గదనే," అని కాక పెట్టిన ముఖం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గంట తర్వాత కరెంటు వచ్చాక టాంకు పూర్తిగా, మూడు కాళ్ళతో సహా దిగింది. కాక రెండు చేతులూ ఎత్తి తెరకు దండం పెట్టాడు. ప్రింటు తీసి ఇస్తే లామినేషన్ చేయించి షెడ్డులో కుర్చీ వెనకాల తగిలించుకున్నాడు. ఇంగ్లీషు చదవడం రాదు, అయినా వచ్చినవాళ్ళందరికీ వేలు పెట్టి చూపించేవాడు. "మా బిడ్డ రాసింది," అనేవాడు. నాకు గాల్లో తేలినట్టుండేది.

నెల తిరిగిందో లేదో, ఒకరోజు ఖాళీగా ఉండి ఆ నాలుగు మాటలూ సెర్చ్‌లో కొట్టాను. మన పేజీ వస్తుందా రాదా చూద్దామని. వచ్చింది! ప్రపంచంలో ఎక్కడున్నవాడికైనా మన టాంకు దొరుకుతుందన్నమాట. ఒళ్ళు పులకరించింది. ఆ సంబరంలోనే కిందికి చూశాను. దాని కింద ఇంకో పేజీ. అదే వాక్యం. తెరిచాను. అవే రెండు వందల మంది, అదే డిలైట్, పరుగెత్తే అక్షరాల రంగు కూడా అదే. పేరు మాత్రం పక్క గల్లీలో టాంకులు చేసే ఇంకో ఆయనది.

నా నెత్తురు సలసల కాగింది. చెప్పులు వేసుకున్నానో లేదో కూడా చూసుకోలేదు, ఆటో ఎక్కి వెళ్ళిపోయాను. గేటు దగ్గరే మొదలుపెట్టాను. "దొంగ! దొంగపని చేస్తరా!" లోపల గ్రైండర్ ఆగింది. పనివాళ్ళు బయటికి వచ్చారు. పక్క షెడ్డు వాళ్ళు కూడా వచ్చారు. ఆయన డిప్లొమా చదివినవాడు, ఇస్త్రీ చొక్కా మనిషి. కొంచెం కూడా తొణక్కుండా, "కూసో చెల్లె, చాయ్ తాగు," అన్నాడు. అది విని నాకు ఇంకా మండింది.

"నేను రాసిన ముచ్చట నీ పేజీల ఎట్లొచ్చింది?"

"నెట్ల ఉన్నది అందరిది గాదా చెల్లె? దాని మీద నీ పేరేమన్న రాసున్నదా?"

"నేనే రాసిన! ఒక్కొక్క ముక్క నేనే రాసిన!"

అన్నాను. అంతమంది ముందు, వేలు చూపిస్తూ, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా అన్నాను. అబద్ధం ఆడుతున్నానని ఆ క్షణంలో నాకే గుర్తు లేదు. అది నా పేజీ అని నేను నిజంగా నమ్మాను. ఆటోలో తిరిగి వచ్చేటప్పుడు గుజరాత్ కంపెనీ గుర్తొచ్చింది. వెంటనే వేరే ఏదో ఆలోచించుకున్నాను.

ఆ తర్వాత అది జ్వరంలా పాకింది. పక్క గల్లీ ఆయన్ని చూసి గాస్కెట్ల ఆయన, గాస్కెట్ల ఆయన్ని చూసి అట్టపెట్టెల ఆయన. మా ఒక్క షాపే కాదు, ఊళ్ళో ఇంకో మూడు ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. అందరి దగ్గరా ఒకటే మాట, "గాయనకున్నట్టే నాకు పెట్టు." టాంకు అన్న మాట తీసేసి వాళ్ళ సరుకు పేరు పెట్టేవాళ్ళు. మా గాస్కెట్లకు చెమట పట్టదు. మా అట్టపెట్టెలకు చెమట పట్టదు. రోజూ పొద్దున షాపు తెరవగానే మొదట 'నెవర్ స్వెట్' అని వెతకడమే నా పని. కోపం ఎప్పుడు పోయిందో పోయింది, ఇవ్వాళ ఎవరు దొరుకుతారా అని ఒకటే ఉత్సాహం. బొంతపల్లి వైపు కంపెనీలకు మనుషుల్ని సప్లయ్ చేసే లేబర్ కాంట్రాక్టర్ పేజీ దొరికిన రోజు మాత్రం నేను కుర్చీలోంచి పడిపోయినంత పని అయింది. ఆయన రాయించుకున్నాడు: మా కూలీలకు ఎప్పుడూ చెమట పట్టదు.

పరుగున వెళ్ళి కాకకు చెప్పాను. కాక నవ్వి నవ్వి చేతిలో చాయ్ ఒలకబోసుకున్నాడు. "చెమట పట్టని కూలోన్ని పెట్టుకొని ఏం జేస్తరే," అని మళ్ళీ నవ్వాడు. షెడ్డులో అందరూ ఆ రోజంతా ఒకరినొకరు "ఏందిరా, నీకు చెమట పడుతున్నది?" అని ఏడిపించుకున్నారు. పక్క గల్లీ ఆయన సంగతి కూడా కాకకు అప్పుడే చెప్పాను. ఆయన పెద్దగా పట్టించుకోలేదు. "రాసుకోనీ తియ్. రాసుకుంటే టాంకీ అయితదా?" అన్నాడు.

అయితే పట్టించుకోవాల్సిన రోజు వచ్చింది. పెద్ద కంపెనీ నుంచి షెడ్డుకు ఫోన్. పర్చేజ్ ఆఫీసర్ రమ్మంటున్నాడు. ఇద్దరి దరఖాస్తులు వచ్చాయట, కాకది, పక్క గల్లీ ఆయనది. ఇద్దరి వెబ్‌సైట్లూ తు చ తప్పకుండా ఒకటేనట. ఎవరు ఎవరిది ఎత్తారో తేల్చుకోవాలి, ఎత్తినవాళ్ళను లిస్టులో పెట్టుకోం, మళ్ళీ రానివ్వం, అని చెప్పాడట. కాక నేరుగా షాపుకు వచ్చాడు. ముఖంలో ఒకటే వెలుగు. "మంచిగైంది బిడ్డా! నువ్వే రాసినవు గద. నువ్వొచ్చి గా సార్‌కు చెప్పు, దూద్ కా దూద్ పానీ కా పానీ అయితది, దొంగెవలో తేలిపోతది."

ఎత్తినవాళ్ళను రానివ్వరు. ఎత్తింది నేను. నా మూలంగా కాకకు ఆ గేటు లోపలికి ఇంకెప్పుడూ దారి ఉండదు. చెప్పేద్దామని నోటి దాకా వచ్చింది. కానీ ఆయన అప్పటికే మా అత్తకు చెబుతున్నాడు, "ఇరువై ఏండ్ల సంది ఎనక గేటేనమ్మా. రేపు ముంగట గేటు!" చెప్పలేకపోయాను.

మర్నాడు కాక ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. దాని మీద ఒక్క చిల్లు కూడా లేదు, అందుకే ఎవరిదో అరువు చొక్కా వేసుకున్నట్టు అనిపించాడు. ముందు గేటు దగ్గర సెక్యూరిటీ అతను రిజిస్టర్‌లో పేరు రాయించి విజిటర్ అని ఉన్న బిళ్ళ ఇచ్చాడు. కాక దాన్ని జేబుకు తగిలించుకుని, వంకర ఉందేమోనని నన్ను రెండుసార్లు అడిగాడు. లోపల పక్క గల్లీ ఆయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "వచ్చినవా చెల్లె," అని చిన్నగా నవ్వాడు.

పర్చేజ్ ఆఫీసర్ సన్నగా, కళ్ళజోడు తాడుతో మెడలో వేసుకున్న మనిషి. బల్ల మీద రెండు కాగితాలు పెట్టాడు. కాకది, ఆయనది. తర్వాత సొరుగు లాగి మూడో కాగితం తీసి వాటి పక్కన పెట్టాడు. నాకు చూడగానే తెలిసిపోయింది. గుజరాత్ కంపెనీది.

"ఈ మూడూ ఒకటే. కామాలతో సహా ఒకటే," అన్నాడు ఆఫీసర్. నా వైపు చూసి అన్నాడో, మామూలుగా అన్నాడో ఇప్పటికీ చెప్పలేను. "ఒక్క లైను మాత్రం ఈ మూడో దాంట్లో లేదు. అది మీ ఇద్దరి దగ్గరే ఉంది. ఈ లైను ఎవరిది?"

"మాదే సార్," అన్నాడు పక్క గల్లీ ఆయన వెంటనే.

"అయితే దాని అర్థం చెప్పండి."

"అంటే సార్, చల్లటి సరుకు పోసినప్పుడు టాంక్ బయట నీళ్ళు పడతాయి కదా. మా ఇన్సులేషన్ మంచిది, అట్లా పట్టదు." చదువుకున్నవాడు కదా, తడుముకోకుండా చెప్పాడు. నాకు అది సరైన అర్థమే అనిపించింది. ఇదేనేమో అనుకున్నాను కూడా. ఆఫీసర్ కాక వైపు తిరిగాడు. అప్పుడు తట్టింది నాకు, నన్ను అడిగితే నేను ఏమీ చెప్పలేను. గేటు ముందు నిలబడి దొంగ అని అరిచాను, ఆ వాక్యానికి అర్థం నాకే తెలియదు.

కాక నా చెవి దగ్గరికి వంగాడు. "ఏం లైను బిడ్డా?"

"టాంకీకి చెమట పట్టదని, కాకా."

ఆయన కుర్చీలోంచి లేచే నిలబడ్డాడు. "అది నా ముచ్చటే గద! సార్, జెర సున్నం ఉంటదా? గ్యాస్‌నూనె ఉంటదా? ఒక పాత టాంకీ చూపెట్టున్రి, నోటితోటి చెప్పుడెందుకు?"

ఆఫీసర్ కళ్ళజోడు పెట్టుకుని కాకను పైనుంచి కింది దాకా చూశాడు. తర్వాత ఫోన్ చేసి ఎవరికో చెప్పాడు. పది నిమిషాల్లో మేమందరం స్క్రాపు యార్డులో ఉన్నాం. తీసి పారేసిన ఇనప టాంకు ఒకటి పక్కకు పడి ఉంది. గేటు దగ్గర చెట్లకు పూసే సున్నం బకెట్టుతో తెచ్చారు, మెయింటెనెన్స్ వాళ్ళు తుప్పు కడిగే గ్యాస్‌నూనె, అదే కిరసనాయిలు, సీసాలో తెచ్చారు. కాక చొక్కా చేతులు పైకి మడిచి, టాంకు బయట అతుకు పొడుగూతా సున్నం పూశాడు. ఎండకు అది పావుగంటలో తెల్లగా ఆరిపోయింది. తర్వాత మూత కంతలోంచి నడుం దాకా లోపలికి దూరి, గుడ్డను గ్యాస్‌నూనెలో ముంచి అదే అతుకును లోపలి వైపు తడిపాడు. బయటికి వచ్చి, "ఇగ సూడున్రి," అన్నాడు.

చూశాం. ఏమీ లేదు. తెల్లటి గీత, అంతే. పక్క గల్లీ ఆయన గడియారం చూసుకున్నాడు. కాక మాత్రం చేతులు కట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. చుట్టూ పది పదిహేను మంది చేరారు, ఒక బీహారీ అతను టోపీ తీసి చేతిలో పట్టుకుని ముందుకు వంగాడు. అతనే ముందు చూశాడు. "వో దేఖో!"

తెల్లటి సున్నం మీద ఆవగింజంత మచ్చ. చూస్తుండగానే శనగగింజంత అయింది. దాని పక్కన ఇంకొకటి. ఇంకా కిందికి మూడు వరసగా. కంటికి కనిపించని సందుల్లోంచి గ్యాస్‌నూనె ఊరుతోంది. అచ్చం నుదుటి మీద చెమట పోసినట్టే.

"గిది సార్ చెమట!" అని అరిచాడు కాక. "నీళ్ళు పోస్తే కారది, చేతికి తడి తగలది. మందు పోస్తే నెల రోజులకు బయటపడ్తది. నా టాంకీ షెడ్డు దాటే ముందు అతుకు అతుక్కు గిట్ల సున్నం పూస్త. ఒక్క సుక్క కనవడ్డా మల్ల కోసి మల్ల అతుకుత."

ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. నేనూ కొట్టాను, అరచేతులు మండేలా కొట్టాను, ఈల వేయడం వచ్చుంటే ఈల కూడా వేసేదాన్ని. ఆఫీసర్ ఒక మచ్చను వేలితో ముట్టుకుని, వేలు వాసన చూసి, మొదటిసారి నవ్వాడు. "ముందు ఒక టాంకు ఇస్తాను. ఇదే పరీక్ష మా ముందు చేసి చూపించాలి," అన్నాడు. తర్వాత వెంట తెచ్చిన మా పేజీ కాగితం మడిచి నా చేతిలో పెట్టి, నెమ్మదిగా, "రెండు వందల మంది ఉన్నారా అమ్మా?" అని అడిగాడు. నేను నోరు తెరిచే లోపే కాక అందుకున్నాడు. "ఆరుగురం సార్! ఇద్దరు నాగా పెడితే నలుగురం." ఆఫీసర్, "కాగితం మార్చండి," అని నాకు మాత్రమే వినబడేట్టు చెప్పి వెళ్ళిపోయాడు. మూడో కాగితం ఎవరిదో కాకకు చెప్పలేదు. చెప్పే పని నాకు వదిలేశాడు.

గేటు బయట పక్క గల్లీ ఆయన తల దించుకుని బండి స్టార్ట్ చేస్తున్నాడు. కాక ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "గిట్ల దొంగరాతలు రాసుడు మంచిది గాదు తమ్మీ. మా బిడ్డను సూడు, కూసొని సొంతంగ రాసింది." ఆయన నా వైపు ఒక్కసారి చూసి బండి ఎక్కాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

హైవే పక్కన హోటల్లో కూర్చున్నాం. కాక రెండు చాయ్‌లు చెప్పాడు, ప్లేటులో ఉస్మానియా బిస్కెట్లు పోయించాడు. విజిటర్ బిళ్ళ తిరిగి ఇచ్చేయాల్సి వచ్చినందుకు బాధపడ్డాడు. తర్వాత చేతులు తుడుచుకుని, నా చేతిలో కాగితం తీసుకుని బల్ల మీద పరిచాడు. "ఇంట్ల అడుగుతరు. సురూ నుంచి ఆఖరి దాక తెలుగుల చదివి చెప్పు బిడ్డా. మన ముచ్చట ఏమేం రాసినవో ఒక్కపారి నేను గూడ వింట."

"ప్రపంచ స్థాయి..." అని మొదలుపెట్టి ఆపేశాను. ఇక దాచడం నా వల్ల కాలేదు. చెప్పేశాను. గుజరాత్ కంపెనీ గురించి, మూడో కాగితం గురించి, ఒక్క నొక్కుతో పేరు మార్చడం గురించి, పక్క గల్లీ షెడ్డు ముందు అరిచిన అరుపు గురించి. ఏడుస్తూ చెప్పాను. హోటల్లో అందరూ చూస్తున్నా ఆపలేకపోయాను.

కాక కాగితం మీద మొదటి పేరా దగ్గర వేలు పెట్టాడు.

"గిదెవలిది?"

"వాళ్ళది."

"గిది?"

"అది గూడ వాళ్ళదే, కాకా."

వేలు కిందికి దిగుతూ వచ్చింది. ప్రతి చోటా ఆగింది, ప్రతి చోటా అడిగాడు, నేను చెప్పాను. చివరికి అడుగున ఉన్న చిన్న లైను దగ్గర ఆగింది. "అది నీది," అన్నాను.

కోప్పడతాడనుకున్నాను. తిడితే పడదామనే కూర్చున్నాను. ఆయన ఎర్రటి కళ్ళెత్తి నా ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"పొద్దంత నీ ముంగటనే కూసుంటి గద బిడ్డా," అన్నాడు. "అడిగితే చెప్తుంటి. నా తాన చెప్పెటందుకు ఏం లేదనుకున్నవా?"

ఊరికే అన్న మాట కాదది, ఆయన నిజంగానే అడిగాడు, జవాబు కోసం చూస్తున్నాడు. అట్లా ఏం లేదు కాకా అనబోయి ఆగాను. నేను సరిగ్గా అలాగే అనుకున్నాను.